నక్షత్రములకు క్రైస్తవ నామములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మేషవృషభాది రాశుల పేళ్లు ఐరోపావారికి గ్రీకులవలన వచ్చినవి. గ్రీకులకు వానిలో పెక్కు బాబిలోనునుండి వచ్చినవి. అన్యదేవతల కథలతో నిండిన ఆకాశమును చూచుచు సృష్టికర్తను స్తుతించుట యెట్లని కొందఱు క్రైస్తవులు చింతించిరి.

జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున జూలియస్ షిల్లరను న్యాయవాది యుండెను. 1627లో వెలువడిన అతని ఖగోళపటములలో పండ్రెండు రాశులును పండ్రెండుగురు అపొస్తలులైనవి. మేషము పేతురు, వృషభము అంద్రెయ. ఉత్తరాకాశమునకు క్రొత్త నిబంధననుండియు, దక్షిణాకాశమునకు పాత నిబంధననుండియు పేళ్లు తీసెను. గ్రీకుల ఆర్గో నౌక నోవహు ఓడయైనది. ఓడకు ఓడయే గదా, ఆ మార్పు మాత్రము సులువుగనే కుదిరినది! పటములు మిక్కిలి సుందరములు. కాని వేయేండ్ల లెక్కలు పాత పేళ్లతోనే వ్రాయబడియుండగా వానిని విడుచుటకు జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఒప్పుకొనలేదు. 1922లో అంతర్జాతీయ ఖగోళ సంఘము అంగీకరించిన 88 మండలములలోను పాత పేళ్లే నిలిచినవి.

షిల్లరు తాను క్రొత్త పేళ్లు పెట్టుచున్నానని దాచలేదు. పందొమ్మిదవ శతాబ్దమువారి త్రోవ వేఱు. ఇంగ్లండున ఫ్రాన్సెస్ రోల్‌స్టన్, ఆమె వెనుక 1893లో బుల్లింజరు, పాత పేళ్లలోనే సువార్త దాగియున్నదనియు, కన్యతో మొదలిడి సింహముతో ముగించి చదివినచో రక్షకుని కథ తెలియుననియు వాదించిరి. భక్తి గొప్పదే, కాని ప్రమాణము చాలదు. ఒక్క ఉదాహరణము చాలును. మన రోహిణిని అరబ్బులు అల్ దబరాన్ అందురు. బుల్లింజరు దానికి నాయకుడని యర్థము చెప్పెను. అరబీలో దాని యర్థము వెంబడించునది. ఎవరిని వెంబడించునో కార్తీకమాసారంభమున, రాత్రి తొలిజామున తూర్పుదిక్కు చూచిన మన రైతు చెప్పగలడు. ముందు కృత్తికలు పొడుచును. సుమారు గంటకు రోహిణి వచ్చును. ధ్వనిసామ్యమును పట్టుకొని అర్థములు తీసినచో ఏ మతమువారైనను ఏ నక్షత్రమునుండియైనను తమ పురాణమును చదువవచ్చును. మనవారును ఇందుకు తక్కువవారు కారు.

ఇక మన తెలుగు బైబిలు సంగతి. యోబు గ్రంథము 38వ అధ్యాయమున దేవుడు యోబును నక్షత్రములనుగూర్చి ప్రశ్నించును. అచ్చట అనువాదకులు క్రొత్త పేళ్లు కల్పింపలేదు. మన పంచాంగములోని కృత్తికను, మృగశిరనే వ్రాసిరి. ఆ గ్రంథము మన బీరువాలోనే యున్నది, కోరినవారు చూడవచ్చును.