చిన్న పార్టీలో పనిచేస్తే ఏం వస్తుంది? మా బూత్‌లో 38 ఓట్ల కథ

చాలా రోజుల నుంచి మీలో కొంతమంది నన్ను ఒకటే అడుగుతున్నారు. "అక్కా, నువ్వేదో చిన్న పార్టీలో తిరిగావంట కదా, ఏం వచ్చింది నీకు?" అని. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. పార్టీ పేరు మాత్రం చెప్పను. ఇది ప్రచారం వీడియో కాదు.

2023లో తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలకు కొన్ని నెలల ముందు సంగతి. హైదరాబాద్‌లో మా బస్తీకి దగ్గర్లో మీటింగ్ ఉందంటే వెళ్లా. 20 కుర్చీలు వేశారు, 11 మంది వచ్చారు. నేను వినడానికే వెళ్లా. తిరిగొచ్చేటప్పుడు చేతిలో మా బూత్ ఓటర్ లిస్టు ఉంది! మనుషులు తక్కువున్న చోట అంతే, చూడ్డానికి వచ్చినవాళ్లకి కూడా పని అంటగడతారు.

రాజకీయం అంటే మైకు, ర్యాలీ అనుకున్నా. నా మొదటి రెండు నెలలు ఆ లిస్టు పట్టుకుని గడప గడపకీ తిరగడంతోనే అయిపోయాయి. చనిపోయినవాళ్ల పేర్లున్నాయి. ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్ల పేర్లున్నాయి. ఇక్కడే ఉన్న ఒక అవ్వ పేరు మాత్రం లేదు. ఇల్లు మారింది, అదీ పక్క గల్లీకే. పేరు ఎప్పుడు పోయిందో ఆమెకే తెలీదు. నా ఫోన్‌లో ఓటర్ హెల్ప్‌లైన్ యాప్ తెరిచి ఫారం 6 నింపాం. తర్వాత బీఎల్ఓ వచ్చి చూసుకున్నారు, పేరు ఎక్కింది. ఆ రోజు అవ్వ నాకు చాయ్ పోసింది. నేనైతే మనసులో ఒక ఓటు రాసేసుకున్నా.

ఇంక నామినేషన్. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే సరిపోతుంది. మాలాంటి గుర్తింపు లేని పార్టీకి, ఇండిపెండెంట్లకి అదే నియోజకవర్గం నుంచి 10 మంది సంతకాలు కావాలి. ఓటర్ లిస్టులో వాళ్ల నంబర్లు తప్పు పడితే తంటా. మేం మూడుసార్లు చెక్ చేసుకున్నాం. డిపాజిట్ 10,000 రూపాయలు, తలా కొంత వేసుకుని కట్టాం. మా గుర్తు ఖరారయ్యింది ఉపసంహరణల గడువు అయ్యాకే, అంటే పోలింగ్‌కి రెండు వారాల ముందు. గుర్తేంటో జనానికి చెప్పడానికి ఉన్న టైమ్ అంతే.

నవంబర్ 30, పోలింగ్. నేను పోలింగ్ ఏజెంట్‌ని. పొద్దున్నే చీకట్లో వెళ్లాలి, ఎందుకంటే 7 గంటలకు ఓటింగ్ మొదలవ్వకముందే మాక్ పోల్ ఉంటుంది. కనీసం 50 ఓట్లు వేసి, మిషన్ సరిగ్గా లెక్కపెడుతోందో లేదో మన కళ్ల ముందే చూపిస్తారు. కూర్చోవడానికి కూడా వరస ఉంటుంది: ముందు గుర్తింపు ఉన్న పార్టీల ఏజెంట్లు, తర్వాత మేము, ఆ తర్వాత ఇండిపెండెంట్లు. పెద్ద పార్టీల వాళ్లకి టిఫిన్ వచ్చింది, మాకు తెచ్చేవాళ్లు లేరు. పక్క పార్టీ అన్న తన ఇడ్లీలో సగం నాకు పెట్టాడు. సాయంత్రం ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసి, ప్రిసైడింగ్ ఆఫీసర్ సంతకం చేసిన 17సి కాపీ నా చేతికొచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నా.

డిసెంబర్ 3న ఫలితాలు. డిపాజిట్ పోయింది. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కన్నా ఎక్కువ వస్తేనే అది వెనక్కి ఇస్తారు, మేం దాని దరిదాపుల్లో కూడా లేం. మా బూత్‌లో మాకొచ్చినవి 38.

నాలుగు రోజులయ్యాక అవ్వ కనిపించింది. నేనేం అడగలేదు, తనే చెప్పింది. "నీకు వెయ్యలేదు బిడ్డా. పింఛన్ బందైతదేమోనని భయమైంది" అని. ఓటు రహస్యం, ఎవరికేశావో ఎవరికీ తెలీదు, పింఛన్‌కీ దానికీ సంబంధం లేదు అని అప్పుడు చెప్పా. ఎన్నికలకు ముందు చెప్పాల్సిన మాట అది! ఫారం నింపా, ఫొటో పెట్టా, ఆమె భయం ఏంటో మాత్రం అడగలేదు. ఓడిపోయినందుకన్నా దానికే ఎక్కువ సిగ్గేసింది.

ఇంట్లో మా బాపు ఒకటే మాట: "గెలవని పార్టీకేస్తే ఓటు మురిగిపోతది." నేను వాదించా. 1984లో బీజేపీకి దేశం మొత్తం మీద 2 ఎంపీ సీట్లే వచ్చాయి, అందులో ఒకటి మన హన్మకొండ, అక్కడ ఓడిపోయింది పీవీ నరసింహారావు అని చెప్పా. బాపు ఊరుకుంటాడా? "మరి లోక్‌సత్తా?" అన్నాడు. నిజమే. 2006లో పార్టీ పెట్టారు, 2009లో కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్ ఒక్కరే గెలిచారు, తర్వాత అది పెరగలేదు. కాబట్టి చిన్నది రేపు పెద్దదవుతుంది అన్న ఆశ ఒక్కటే పెట్టుకుని వెళ్లకండి.

ఇంకో నిజం కూడా చెప్తా. ఎన్నికల ముందు రాత్రి రెండింటికి కూడా మోగిన మా వాట్సాప్ గ్రూపులో, ఫలితాల తర్వాత వారం రోజులు 'లెఫ్ట్', 'లెఫ్ట్' అనే మెసేజ్‌లే. ఓటమికి కారణం నువ్వంటే నువ్వని తిట్టుకున్నారు. ఖర్చుల లెక్క అడిగితే "మనలో మనకి లెక్కలేంటి చెల్లీ" అన్నారు. ఇంకెవరైనా ఈ మాటంటే మీటింగుల్లో వాళ్లనే విమర్శిస్తాం కదా?

అందుకే చేరాలనుకుంటే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. లెక్కలు సభ్యులకి చూపిస్తారా? పదవులకి లోపల ఎన్నికలు పెడతారా? టికెట్ ఎవరికివ్వాలో ఎవరు నిర్ణయిస్తారు? ఎన్నికలు లేనప్పుడు ఏం పని చేస్తారు? ఈ చివరిదానికి జవాబు లేకపోతే వెనక్కి వచ్చేయండి. ఇంకోటి, మీరు ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే పార్టీలో పనిచేయడానికి రూల్స్ ఒప్పుకోవు. ఎమ్మెల్యేగా నిలబడాలంటే 25 ఏళ్లు నిండాలి, వార్డు మెంబర్‌కైతే 21 చాలు.

నేనింకా ఉన్నానా? ఉన్నా. లెక్క మాత్రం గ్రూపులో అందరికీ పెట్టించే దాకా వదల్లేదు, దానికి ఆర్నెల్లు పట్టింది. లిస్టు పట్టుకుని మళ్లీ తిరుగుతున్నా. ఈసారి ఫారం కన్నా ముందు "మీకేమన్నా భయముందా?" అని అడుగుతున్నా. అవ్వ చాయ్ ఇప్పటికీ పోస్తుంది. ఓటు ఎవరికేస్తుందో నేను అడగను.

ఇవాళ్టికి ఇంతే. మీ ఇంట్లో వాళ్లందరి పేర్లు ఓటర్ లిస్టులో ఉన్నాయో లేదో ఈరోజే ఒకసారి చూడండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.