వంటింట్లో ఒంటి చెప్పు



“ఆత్మహత్య” అని కాగితం మీద రాయడం ఎంత తేలికో, రాసిన ఆ మాటను తుడిపించడం ఎంత కష్టమో చెప్పే ఒక సంగతి ఈవేళ మీ ముందు పెడతాను. ఇది కేరళలో జరిగింది.

1992 మార్చి 27. కొట్టాయంలోని ఒక కాన్వెంటులో సిస్టర్ అభయ అనే చిన్న వయసు సన్యాసిని, చదువుకోవడానికని తెల్లవారుజామునే లేచింది. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లింది. ఆ పొద్దున ఆమె శవం ఆవరణలోని బావిలో దొరికింది.

వంటిల్లు మనకు తెలిసిన చోటు కనుక ఒక్కసారి లోపలికి తొంగిచూద్దాం. నీళ్ల సీసా కింద పడివుంది. ఒక కాలి చెప్పు అక్కడే వుంది. తలమీది ముసుగు తలుపు దగ్గర దొరికింది. చావాలనుకున్న మనిషి దాహం తీర్చుకోబోయి, సీసా పారేసి, ఒంటి చెప్పుతో బావిదాకా నడుస్తుందా? దుఃఖంలో వున్నవాళ్లు ఎలా నడుచుకుంటారో ఎవరం చెప్పలేమనుకోండి. అయినా అడగాల్సిన ప్రశ్నే కదా!

స్థానిక పోలీసులు, ఆ తర్వాత క్రైం బ్రాంచి వారు ఆత్మహత్యేనని తేల్చేశారు. పైగా ఆమె దుస్తులు, సొంత డైరీ వంటివి నాశనం చేయించారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మాట తప్పయితే దిద్దుకోవచ్చు, కాల్చేసిన గుడ్డ మళ్లీ రాదు.

1993లో కేసు సి.బి.ఐ.కి వెళ్లింది. ఇది హత్యేనన్న అధికారి వర్గీస్ పి. థామస్, ఆత్మహత్యగా రాయమని పైనుంచి వత్తిడి వచ్చిందంటూ ఉద్యోగమే వదులుకున్నారు. తరువాత సి.బి.ఐ. కేసు మూసేస్తామని ఒకటికి రెండుసార్లు నివేదిక ఇచ్చినా కోర్టు ఒప్పుకోలేదు. 2008లో ఇద్దరు ఫాదర్లను, ఒక సిస్టర్‌ను అరెస్టు చేశారు. ఫాదర్లలో ఒకరిని విచారణకు ముందే కేసునుంచి తప్పించారు. ఆ రాత్రి రాగి తీగ దొంగిలించడానికి కాన్వెంటుకు వచ్చిన రాజు అనే దొంగ చెప్పిన సాక్ష్యమే కోర్టులో గట్టిగా నిలిచింది. పెద్దమనుషులు తప్పుకుంటే దొంగ నిలబడ్డాడు, చూడండి!

2020 డిసెంబరు 23న తిరువనంతపురం సి.బి.ఐ. కోర్టు ఇది హత్యేనని, మిగిలిన ఇద్దరికీ యావజ్జీవ శిక్ష వేసింది. 2022 జూన్‌లో హైకోర్టు, అప్పీలు తేలేదాకా ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది.

బతికినన్నాళ్లూ “మా పిల్ల అలాంటిది కాదు” అన్న తల్లిదండ్రులు తీర్పు వినలేదు. ఇద్దరూ 2016లోనే కన్నుమూశారు.