ఆరు లారీల రాయి, ఒక వాట్సాప్ మెసేజ్

ఈరోజు మా ఇంట్లో జరిగిందే చెప్తా.

మా బాబాయికి మాచర్లలో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ ఉంది. హైదరాబాద్ బిల్డర్ ఒకాయన ఆరు లారీల రాయి దించుకుని 4,80,000 బాకీ పెట్టాడు. అడిగినప్పుడల్లా వచ్చే వారం అనేవాడు. ఆర్నెల్లయ్యాక, ‘మీ రాళ్లు పగిలాయి, ఇవ్వను పో’ అన్నాడు. లాయరు ఫీజు విన్న బాబాయి, ‘పోనీలేరా, పీడా వదిలింది’ అన్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టలా.

ఎంఎస్‌ఎంఈడీ చట్టం, 2006 తీసి చదివా. చిన్న పరిశ్రమకి ఇవ్వాల్సిన డబ్బు, రాతపూర్వకంగా గడువు రాసుకున్నా సరే, 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ! కొన్నవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా, మన రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే వెళ్లొచ్చు. అప్లికేషన్ ఆన్‌లైన్లోనే. ముందు రాజీకి పిలుస్తారు, కుదరకపోతే ఆర్బిట్రేషన్.

అసలు పాయింట్ ఇంకోటి. సరుకు దిగిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు ఒప్పుకున్నట్టే లెక్క. మన బిల్డర్ గారు లారీ దిగిన రోజే వాట్సాప్‌లో ‘మెటీరియల్ రిసీవ్డ్, థ్యాంక్స్’ అని పెట్టాడు. పగుళ్ల మాట ఆర్నెల్ల తర్వాత!

బాబాయి మొదట్లో ఏం మాట్లాడతాడో తెలుసా? ‘ఇరవై ఏళ్లుగా రాయి కోస్తున్నానండీ, నా రాయి పగులుద్దా?’ అని గొంతు పెంచేవాడు. అది వద్దన్నా. లాగ్ ఫైల్ రాసినట్టు ఒక్క పేజీలో తేదీలు రాయించా: ఆర్డర్, వేబిల్లు, దింపిన రోజు, మెసేజ్, బాకీ. ఎవరేం అడిగినా ఆ పేజీ చూసే జవాబు.

ఒక జాగ్రత్త. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సరుకు అమ్మకముందే ఉండాలి, గొడవయ్యాక తీసుకుంటే చిక్కే. బాబాయి లోన్ కోసం ఎప్పుడో తీశాడు, అదృష్టం. కొని అమ్మే వ్యాపారులకి రిజిస్ట్రేషన్ దొరికినా ఈ వడ్డీ రక్షణ లేదు, వాళ్ల దారి సివిల్ కోర్టే, గడువు మామూలుగా మూడేళ్లు. అక్కడా సొంత ప్రొప్రైటర్‌షిప్ అయితే మీ కేసు మీరే వాదించుకోవచ్చు. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కంపెనీ వేరు, మీరు వేరు, కాబట్టి మామూలుగా లాయరు కావాల్సిందే.

మొదటి వాయిదాలో బిల్డర్ మూడు లక్షలిస్తా, వదిలేయండి అన్నాడు. బాబాయి నా వైపు చూశాడు. నేను పేజీ వైపు చూశా. ‘వడ్డీ సంగతి తర్వాత, అసలు మాత్రం తగ్గేది లేదండీ’ అన్నాడు, గొంతు పెంచకుండా. వచ్చే నెల రెండో వాయిదా. వాదించేది బాబాయే, ఫైలు మోసేది నేను.