నష్టం ఒకరిది, పరిహారం ఇంకొకరిది
(దుబాయ్‌లోని సత్వాలో జరిగిన మన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్ళో తుఫాను అనగానే మనం చందాలు వేసుకుంటాం. ఈ రోజు నేను చందా అడగడానికి నిలబడలేదు. ప్రభుత్వం ఇచ్చే పంట నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడుతోంది అన్నదే నా ప్రశ్న. ముందు నా సంగతే చెప్తాను.

మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల మాగాణి నాన్న నా పేర రాశారు. దాన్ని మా వీధిలోని ఒకాయన కౌలుకు చేస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికి మా వరి కోసి పనల మీద ఉంది. నీళ్ళలో నాని మొలకలొచ్చింది. కొన్ని నెలల తర్వాత ఇక్కడ ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా నా ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఇన్‌పుట్ సబ్సిడీ, 27 వేల చిల్లర. నాకు!

ఆ పేరులోనే ఉంది కదండీ, అది మళ్ళీ పంట వేసుకోవడానికి విత్తనం, ఎరువుల కోసం ఇచ్చే డబ్బు. నేను దుబాయ్‌లో ఏం నాటుతాను?

పోనీ పెద్ద మొత్తమా అంటే అదీ కాదు. 2022 నుంచి వచ్చిన విపత్తు నిధి నిబంధనల ప్రకారం అప్పట్లో 33 శాతం పైగా నష్టపోతేనే ఇచ్చేవారు. నీటి వసతి ఉన్న పొలానికి అప్పుడు హెక్టారుకు రూ.17,000, అంటే ఎకరాకు ఏడు వేల లోపే. అదీ రెండు హెక్టార్ల వరకే. పెట్టుబడిలో కొసరు. ఆ కొసరు కూడా మునిగినవాడికి చేరలేదు.

తప్పు అధికారులదని నేను కూడా తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు నాది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కౌలుదారుకి 11 నెలల కార్డు ఇమ్మంది, కానీ భూయజమాని సంతకం ఉండాలంది. బాబాయ్ కాగితం తెచ్చాడని నాన్న ఫోన్ చేస్తే "వద్దు నాన్నా, రేపు పొలం తనదంటాడు" అన్నది నేనే. ఆ కార్డు యాజమాన్యాన్ని ముట్టుకోదని చట్టంలోనే ఉంది. నేను చదవలేదు.

ఇక్కడ మనందరం అద్దెకే ఉంటున్నాం. ఒప్పందాన్ని ఈజారీలో నమోదు చేయిస్తాం. (మన పాత దస్తావేజుల్లోని ఇజారా మాటకు ఇది చుట్టమే.) అది లేకపోతే కుటుంబానికి వీసా కష్టం. అంతమాత్రాన బిల్డింగు మనదైపోతుందని ఏ అరబ్బు యజమానీ భయపడడం నేను చూడలేదు.

"నేను కౌలు తగ్గిస్తున్నాను కదా" అని కిందటిసారి ఒక మిత్రుడన్నారు. మంచిదే. కానీ కార్డు లేనివాడికి బ్యాంకు అప్పు పుట్టదు, వడ్డీ వ్యాపారి దగ్గరికే పోవాలి. ఈ సత్వా గల్లీల్లో బెడ్ స్పేస్‌లో ఉండే మనవాళ్ళని అడగండి, కౌలు చేసి మునిగి విమానం ఎక్కినవాళ్ళు తగులుతారు.

ఆ డబ్బు బాబాయ్‌కి పంపాను. "కౌలు బాకీలో జమ వేసుకో అబ్బాయ్" అన్నాడు. ఆ మాటకి రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆ ఏటి కౌలు వదులుకున్నాం.

జూలైలో పిల్లల సెలవులకి చాలామంది ఊరెళ్తారు. సరిగ్గా అప్పుడే సార్వా నాట్లు. కౌలుదారుని వెంటబెట్టుకుని ఒక్క పూట వీఆర్వో దగ్గరికి వెళ్ళండి. కాగితం మీద అనుమానాలుంటే ఇప్పుడే అడగండి, నా సంతకం చేసిన ప్రతి జిరాక్స్ తెచ్చాను.