శకట శీతలోపకరణముల విపణియు, మన కంచర వృత్తియు

(మహాసభ రెండవనాటి యుదయమున జరిగిన యుపన్యాసము)



మన మహాసభలలో విద్యాభివృద్ధిని గూర్చియు, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియు నుపన్యాసములు జరుగుట పరిపాటి. నేడు నేను మోటారుబండ్ల రేడియేటర్లను గూర్చియు, వానిలోని చల్లగాలి యంత్రముల విడిభాగములను గూర్చియు మాటలాడబూనుట కొందఱికి వింతగా దోపవచ్చును. జీవితకాలమంతయు శబ్దమంజరిని, రఘువంశమును బోధించిన వృద్ధునకు కంప్రెసరుతో నేమి పనియని యడుగువారును నుందురు. కాని మన పంచవృత్తులలో నొకటియైన కంచరపనికి మోటారుబండ్లు వచ్చిన పిదప నన్నము పెట్టిన పనులలో రేడియేటరు మరమ్మతొకటి. ఆ పని నేడు మన చేతులనుండి జాఱిపోవుచున్నది. వేఱొక పని మన వాకిట నిలిచి తలుపు తట్టుచున్నది. పోవుదాని స్వభావమును, వచ్చుదాని స్వభావమును దెలిసికొననిచో మనకు రెండును దక్కవు.

ముందుగా యంత్రధర్మమును సంగ్రహముగా విన్నవింతును. ఇంజనులో మండిన పెట్రోలు, డీజిలుల శక్తిలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే బండిని నడుపును. ఒక పెద్ద భాగము పొగగొట్టముగుండ బోవును. మఱియొక పెద్ద భాగము ఇంజను చుట్టును బ్రవహించు నీటిలో జేరును. ఆ వేడిమిని గాలి కప్పగించునదే రేడియేటరు. పంపు నీటిని ద్రిప్పును. నీరు సుమారు 80 మొదలు 90 డిగ్రీల వఱకు గాగినప్పుడు థర్మోస్టాటు దారి తెఱచును. బిగువైన మూత లోపలి యొత్తిడిని నిలిపి, 100 డిగ్రీలు దాటినను నీరు మరుగకుండ గాపాడును. స్వల్పమూల్యముగల యా మూత చెడినను, దానిని సరకుగొనని యజమానుని ఇంజను తల వంకరపోయి, వేలకొలది రూపాయలు వ్యయమగును. చిన్న భాగమును జిన్నచూపు చూడరాదని యీ విద్య మొదట నేర్పు పాఠము.

1900వ సంవత్సరాంతమున జర్మనీ దేశమున విల్‌హెల్మ్ మేబాక్ అను యంత్రజ్ఞుడు మెర్సిడీస్ బండికొఱకు తేనెపట్టువంటి రేడియేటరును నిర్మించెను. అందు నలుచదరపు సన్నగొట్టములు 8,070 గలవు. నాటినుండి చిరకాలము రేడియేటరనగా రాగి రెక్కలు, ఇత్తడి గొట్టములు, ఇత్తడి తొట్లు, తగరము సీసము కలిపిన మాటు. ఇవి యన్నియు మనవారికి జిరపరిచితములు. ఓటిబిందెకు మాటు వేయుట, పాత్రకు నవసాగరముతో కళాయి పూయుట యెఱిగినవాడు రేడియేటరు మాటును సులభముగా నేర్చెను. ఆ మాటు 300 డిగ్రీల లోపుననే కరగును గనుక చిన్న కొలిమియే చాలెను. మన వీథులలో రేడియేటరు కొట్లు వెలసిన కారణమిదియే.

గత శతాబ్దపు చివరి పాదమున అల్యూమినియము వచ్చెను. వేడిమిని గొనిపోవుటయందు రాగియే మేలైనది. కాని అల్యూమినియము రాగి బరువులో మూడవవంతునకు మించదు, వెలయు దక్కువ. దాని గొట్టములను, రెక్కలను నత్రజని నింపిన కొలిమిలో దాదాపు 600 డిగ్రీలయొద్ద నతుకుదురు. అల్యూమినియము 660 డిగ్రీలకు గరగును. ఈ రెంటికిని నడుమ నున్న యెడము స్వల్పము. వీథికొట్టులోని మంట కది లొంగదు. పైనున్న తొట్టి ప్లాస్టిక్కుది. దానికి మాటే లేదు. కాబట్టి కార్లయందు ‘బాగుచేయుట’ పోయి ‘మార్చుట’ వచ్చెను. వాహనము అమ్ముడుపోయిన పిమ్మట దానికి వలయు భాగముల యంగడి, ఆంగ్లేయులు ఆఫ్టర్‌మార్కెట్టని పిలుచునది, దీనివలన మిక్కిలి పెరిగెను.

చల్లగాలి యంత్రమును గూర్చి రెండు మాటలు. 1939లో అమెరికాలోని పాకార్డు సంస్థ దీనిని మొదట కారులో నమర్చి విక్రయించెను. కంప్రెసరు వాయువును నొక్కును; కండెన్సరు దాని వేడిమిని బయటికి విడిచి ద్రవముగా మార్చును; డ్రయ్యరు తేమను బీల్చును; ఎక్స్‌పాన్షను వాల్వు ఒత్తిడిని దించును; ఎవాపరేటరులో నా ద్రవము మరల నావిరియై బండిలోని వేడిమిని హరించును. ఇది యొక వలయము. వలయములో నొక యంగము రోగగ్రస్తమైన దక్కినవియు రోగగ్రస్తములగును. కంప్రెసరు లోపల విఱిగినచో లోహపు పొడి కండెన్సరు సన్నని కాలువలలో జొరబడును. ఎంత కడిగినను బోదు. అప్పుడు కంప్రెసరుతోబాటు కండెన్సరు, డ్రయ్యరు, వాల్వులను గూడ మార్చవలయును. కొందఱు కంప్రెసరు నొక్కదానినే మార్చుదురు. కొన్నినాళ్లకది మరల విఱుగును. భాగము చెడ్డదని కొన్నవాడును, బిగించుట చెడ్డదని యమ్మినవాడును గలహింతురు. ఆ కలహమున నిజము చెప్పగలవాడు నేర్చిన పనివాడొక్కడే.

ఇక నంగడి స్వరూపము. భారతదేశమున సుబ్రోస్ సంస్థ 1985లో జపాను వారి డెన్సో, సుజుకీల భాగస్వామ్యముతో వెలసెను. వడోదరలోని బాంకో సంస్థ రేడియేటర్లను జేయుచున్నది. ఫ్రాన్సులో వాలియో, జర్మనీలో మాలే, దక్షిణ కొరియాలో హానన్ ప్రసిద్ధములు. 1921లో డెన్మార్కున బుట్టిన నిసెన్స్ అను సంస్థను 2024లో అమెరికా వారి స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కొనెను. ఆ సంస్థ ముఖ్యవ్యాపార మీ మార్పుభాగములే. ఇట్టి సంస్థను సముద్రము దాటి కొనుటనుబట్టియే యీ వ్యాపారము చిల్లరది కాదని తెలియుచున్నది.

విజయవాడ ఆటోనగరు మొదలగు చోట్ల దొరకు సరకు నాలుగు తెఱగులు: బండి చేసినవారి పెట్టెలో వచ్చునది; వారికి సరఫరా చేయు కర్మాగారము తన పేర నమ్మునది; వేఱొక సంస్థ స్వయముగా జేసి తన పేర నమ్మునది; పరుల పేరు దొంగిలించి యమ్మునది. మొదటి రెండును బెక్కుమారులు నొకే కర్మాగారపు సంతానము; పెట్టెయు వెలయు మాత్రమే వేఱు. మూడవదానిలో మంచివియు జెడ్డవియు గలవు, పరీక్షించి కొనవలయును. నాలుగవది చౌర్యము. 1999వ సంవత్సరపు ట్రేడు మార్కుల చట్టము దానికి గారాగారశిక్షను విధించుచున్నది.

నకిలీ భాగము ధనమును హరించును. నకిలీ వాయువు ప్రాణమునే హరింపగలదు. మిథైల్ క్లోరైడు కలిపిన దొంగ వాయువు అల్యూమినియముతో గలిసి, గాలి తగిలిన మాత్రమున మండు పదార్థమును బుట్టించును. 2011లో నౌకలపై బోవు శీతలపెట్టెలకు నిట్టి వాయువును నింపగా నవి పేలి పనివారు మరణించిరి. వాయువు వెల తక్కువయని సంతోషించు మన పిల్లలకు నీ సంగతి చెప్పవలసిన భారము పెద్దలది.

మఱియు వాయువును గాలిలోనికి వదలుట లోకద్రోహము. పూర్వపు ఆర్-12 ఓజోనుపొరను హరించునని 1974లో మోలినా, రౌలండులు చెప్పిరి. 1987లో మాంట్రియలు ఒడంబడిక కుదిరెను. భారతదేశము 1992లో నందు జేరెను. తరువాత వచ్చిన ఆర్-134ఏ ఓజోను నంటదు గాని, నూఱేండ్ల లెక్కలో భూమిని వేడిచేయుటయందు బొగ్గుపులుసు వాయువునకు దాదాపు 1,430 రెట్లు బలముగలది. 2016లోని కిగాలీ సవరణ యిట్టివానిని దగ్గింప నుద్దేశించినది. భారతదేశము దానిని 2021లో నంగీకరించెను. కావున వాయువును యంత్రముతో బట్టి నిలువచేయుట నేర్వని పనివానికి మునుముందు చోటుండదు.

పని తఱుగునా యను శంక వలదు. 2025లో క్రొత్త లారీల డ్రైవరు గదులకు జల్లగాలి యంత్రము నిర్బంధమైనది. కొన్ని యేండ్లలో నవన్నియు మరమ్మతునకు వచ్చును. అదే సంవత్సరము సెప్టెంబరు 22 నుండి వాహనభాగములపై జీయస్టీ 28 నుండి 18 శాతమునకు దిగినది. విద్యుత్కార్లకు ఇంజను లేకున్నను బ్యాటరీని జల్లబఱచు వలయము గలదు. దాని కంప్రెసరు వందలకొలది వోల్టులతో నడచును. తగని నూనె పోసినచో విద్యుత్తు కారి ప్రమాదము గలుగును. తెలియనివా డట్టి బండిని దాకరాదు.

మన పిల్లలు చదువుకొని కుర్చీలలో గూర్చుండవలెను గాని యీ మసి పను లేలయని యాక్షేపించు పెద్దలు గలరు. వారియెడ గౌరవముతో నొక మాట మనవి చేయుదును. చదువు చేతిని విడిచిపెట్టుటకు గాదు, చేతికి గన్ను నిచ్చుటకు. ఒత్తిడిమాని చదువలేనివాడు నేడు కంచరి కాలేడు. ఇట్టి పనికి లెక్కలును, రసాయనశాస్త్రమును వలయును. 2023లో వెలువడిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో కమ్మరము, వడ్రంగము, స్వర్ణకారము, శిల్పము గలవు. రేడియేటరు పని ప్రత్యేకముగా బేర్కొనబడలేదు. ఆ కొఱతను మన సంఘమే తీర్చుకొనవలయును.

కావున పోషకులకు నాలుగు విన్నపములు. విద్యార్థి నిధిలో గొంత భాగము ఐటీఐ ముగించిన మన యువకులకు శీతలయంత్రముల శిక్షణకై వేఱుంచుడు. వాయువును బట్టు యంత్రమొకటి సంఘమే కొని, చిన్న కొట్లవారికి స్వల్పమగు నద్దెపై నిచ్చుచుండవలయును. మార్చిన భాగము పేరును రసీదుపై వ్రాసి, పాత భాగమును యజమానుని చేతికిచ్చుట మనవారి కొట్లన్నిట నియమము గావలయును. లారీలకును, ట్రాక్టర్లకును, జనరేటర్లకును నింకను మిగిలియున్న రాగి రేడియేటర్ల మాటుపనిని వృద్ధులుండగనే పిల్లలు నేర్చుకొనవలయును.

కులమునకు గౌరవము బిరుదములవలన రాదు; మనవాడు బిగించిన భాగము నడిత్రోవను బండిని నిలుపదని లోకము నమ్మిననాడు వచ్చును.