కొన్నాళ్ల పక్కదారి

(బీరంగూడలో అక్కచెల్లెళ్లతో ఒక నర్సు చెప్పిన మాటలు)



ఈరోజు నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతి చెబుతాను. సిగ్గు వల్ల ప్రాణం పోకూడదు కదా!

దొడ్డికి పోయినప్పుడు రక్తం పడితే మొలలు అనుకుంటాం. ఎవరికీ చెప్పం. మొలలే కావచ్చు. పెద్దపేగు చివర క్యాన్సర్ కూడా కావచ్చు. డాక్టరుకు చూపిస్తేనే తెలుస్తుంది.

ఈ క్యాన్సర్‌కు ఆపరేషన్ ఉంది. చెడిన పేగును కోసి తీసేస్తారు. మిగిలిన రెండు కొసలను కలిపి కుడతారు. ఆ అతుకు మలద్వారానికి దగ్గరగా ఉంటే కారే భయం ఎక్కువ. మలం కడుపులోకి కారితే చీము పడుతుంది. ప్రాణం మీదికి వస్తుంది.

మన ముంబయి రోడ్డు బాగుచేస్తుంటే చూశారు కదా! కొత్త సిమెంటు గట్టిపడేదాకా బండ్లను పక్కదారి పట్టిస్తారు. ఇదీ అంతే. చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి దారి చేస్తారు. దాన్ని స్టోమా అంటారు. దాని మీద సంచి అంటిస్తారు. మలం సంచిలోకి వస్తుంది. ఈలోగా లోపల అతుకు మానుతుంది.

లాభం ఎంత? స్వీడన్ దేశంలో 234 మంది రోగులను చూసి, 2007లో లెక్క చెప్పారు. పక్కదారి లేనివాళ్లలో 100కి 28 మందికి అతుకు కారింది. ఉన్నవాళ్లలో 100కి 10 మందికే కారింది.

మరి నష్టాలు లేవా? ఉన్నాయి. మలం నీళ్లలా వస్తుంది. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోతాయి. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. సంచి సరిగా అంటకపోతే చర్మం పుండవుతుంది. బరువులు ఎత్తితే పక్కన ఉబ్బు రావచ్చు. దారి మూయడానికి ఇంకో ఆపరేషన్ కావాలి. మామూలుగా కొన్ని నెలలకు మూస్తారు. కొందరికి మూయడం కుదరదు.

సంచి మాటిమాటికీ నిండినా, మూత్రం తగ్గినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకండి. సంచిలోకి ఏమీ రాక వాంతులైనా అంతే. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఆపరేషన్‌కు ముందే మూడు మాటలు అడగండి. నాకు సంచి ఎందుకు? ఎప్పుడు తీస్తారు? మార్చడం ఎవరు నేర్పుతారు?

ముందు పటాన్‌చెరు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ గురించి అక్కడ అడగండి.

సంచి ఉన్నా స్నానం చేయవచ్చు. వంట చేయవచ్చు. కోలుకున్నాక శివరాత్రికి మన గుట్ట ఎక్కవచ్చు. ఇది అంటురోగం కాదు. సంచి ఉన్న మనిషి పక్కన కూర్చోండి. ముక్కు మూసుకోకండి.

ఇప్పుడు మనకు చదవడం వచ్చింది. ఆసుపత్రి కాగితం మీద మళ్లీ రమ్మన్న తేదీని మనమే చదువుదాం. ఆ రోజు తప్పకుండా వెళదాం.