ఆ తల్లికి ముందే చెప్పాల్సిన మాట

 పట్టాలు అందుకున్న మీకు ఈ రోజు ప్యాట్ టిల్‌మన్ గురించి చెప్పాలనుంది.

ప్యాట్ అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో నాలుగేళ్ల డిగ్రీని మూడున్నరేళ్లకే ముగించాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరు తెచ్చుకున్నాడు. 2002లో 36 లక్షల డాలర్ల కాంట్రాక్టు వదులుకుని, తమ్ముడు కెవిన్‌తో కలిసి సైన్యంలో చేరాడు. 2004 ఏప్రిల్ 22న అఫ్గానిస్థాన్‌లోని ఖోస్త్ ప్రాంతంలో చనిపోయాడు. అప్పటికి 27 ఏళ్లు.

దారిలో ఒక వాహనం చెడిపోవడంతో ఆ రోజు అతని ప్లటూన్‌ను రెండుగా విడగొట్టారు. ఇరుకు లోయలోంచి వస్తున్న రెండో జట్టు, గుట్ట మీదున్న సొంతవాళ్లనే శత్రువులనుకుని కాల్చింది. ప్యాట్ పక్కనే ఉన్న బ్రయాన్ ఓనీల్ తర్వాత చెప్పాడు: ప్యాట్ పొగ గ్రెనేడ్ విసిరాడు, కాల్పులు ఆగాయి, గండం గడిచిందనుకుని ఇద్దరూ లేచారు. మళ్లీ తూటాలు. ప్యాట్ తన పేరు చెబుతూ అరుస్తూనే ఉన్నాడు. వాళ్ల పక్షాన పోరాడుతున్న అఫ్గాన్ సైనికుడొకడు కూడా అక్కడే ప్రాణం విడిచాడు. అతన్ని తలుచుకునేవాళ్లే తక్కువ.

కాల్చిన కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ తర్వాత జరిగింది మాత్రం క్షమించలేను. ప్యాట్ యూనిఫాం, కవచం తగలబెట్టారు. అదే ప్లటూన్‌లో ఉన్న తమ్ముడికి నిజం చెప్పొద్దని ఓనీల్‌ని ఆదేశించారు. శత్రువు కాల్పుల్లో పోయాడని రాసి సిల్వర్ స్టార్ పతకం ఇచ్చారు. మే 3న సంస్మరణ సభలోనూ అదే కథ చెప్పారు. ఇంటివాళ్లకు అసలు సంగతి తెలిసేసరికి నెల దాటింది. తల్లి మేరీ, నల్లసిరాతో కొట్టేసిన దర్యాప్తు పేజీలు ముందేసుకుని ఏళ్ల తరబడి నిజం కోసం వెతికింది. 2007లో ఆమె, కెవిన్, ఓనీల్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. కొడుకు పోయిన దుఃఖం ఒక్కటి చాలదా ఆ తల్లికి?

రేపు మీరు ఆసుపత్రుల్లో, వంతెనల దగ్గర, ఆఫీసుల్లో, కొందరు సైన్యంలో కూడా పనిచేస్తారు. మీ వల్లో, పక్కవాళ్ల వల్లో ఏదో ఒకరోజు పొరపాటు జరుగుతుంది. దాని రిపోర్టు సంతకం కోసం మీ బల్ల మీదికి వస్తుంది. జరిగింది జరిగినట్టే రాయండి. పేపర్లకు చెప్పేముందు నష్టపోయిన ఇంటివాళ్లకు చెప్పండి.